బాయిలర్ మార్చాలి: 7,500 పౌండ్ల గ్రాంటు తీసుకుని హీట్ పంప్‌కి వెళ్లొచ్చా?

రెడింగ్_వాసి | 3 నవంబర్ 2025

అందరికీ నమస్కారం. బాయిలర్ మార్చే పని నెత్తి మీదకొచ్చింది. ఇక్కడ ఇంగ్లండ్‌లో గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని తోడి ఇంటిని వెచ్చబెట్టే కరెంటు మిషన్) పెట్టించుకుంటే ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తోంది కదా. మీలో హీట్ పంప్ పెట్టించుకున్నవాళ్లు గానీ, ఈ పని తెలిసినవాళ్లు గానీ ఉంటే కాస్త సలహా చెప్పండి.

మాది 1970లలో కట్టిన సెమీ డిటాచ్డ్ (ఒక గోడ పక్కింటితో కలిసిన ఇల్లు), మూడు బెడ్‌రూములు. గోడల మధ్య ఖాళీలో ఇన్సులేషన్ మేం కొనేటప్పటికే నింపి ఉంది. అటక మీద మేమే వేయించాం. కాంబి బాయిలర్ (ట్యాంకులో నిల్వ లేకుండా స్నానం నీళ్లు అప్పటికప్పుడు కాచే రకం) పాత యజమాని పెట్టించింది. షవర్‌లో నీళ్లు కాసేపు కాలిపోతాయి, కాసేపు చల్లబడిపోతాయి. సర్వీసింగ్‌కి వచ్చినాయన చూసి, "ఈ చలికాలం ఎలాగో గట్టెక్కుతుంది, ఆ తర్వాత నమ్ముకోకండి" అన్నాడు. ఏడాదికి గ్యాస్ దాదాపు 13,000 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) వాడతాం.

మూడు కొటేషన్లు తీసుకున్నాం. కొత్త గ్యాస్ బాయిలర్ అయితే అన్నీ కలిపి 2,900 పౌండ్లు. హీట్ పంప్ వాళ్లలో ఒకరు ఫోన్లోనే ఇంటి వైశాల్యం అడిగి, నాలుగు ఫొటోలు పంపించమని, 11 కిలోవాట్ల పంపు చెప్పారు: 13,400, గ్రాంటు పోగా 5,900. రేడియేటర్లు ఏమీ మార్చక్కర్లేదన్నారు. రెండో అతను ఇంటికొచ్చి పూటంతా ఉన్నాడు. ప్రతి గదీ లేజర్‌తో కొలిచాడు, కిటికీలు కొలిచాడు, అటక ఎక్కాడు, రేడియేటర్ కింద పైపు మందం క్యాలిపర్ పెట్టి చూశాడు. 5 కిలోవాట్ల పంపు చాలు, కానీ ఆరు రేడియేటర్లు మార్చాలి అన్నాడు: 14,200, గ్రాంటు పోగా 6,700. చిన్న పంపుకి ఎక్కువ డబ్బేంటని మా ఆయన గోల.

ఇంకో సంగతి. డిసెంబర్‌లో గుంటూరు నుంచి మా అత్తయ్యగారు, మావయ్యగారు వస్తున్నారు, ఇకమీదట ప్రతి చలికాలం వస్తారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ గది 22 డిగ్రీలు తగ్గితే రాత్రంతా నిద్రపోలేరు. హీట్ పంప్‌తో రేడియేటర్లు గోరువెచ్చగానే ఉంటాయని అందరూ అంటున్నారు. అదే నా భయం.

2035 తర్వాత గ్యాస్ బాయిలర్లు ఉండవన్నారు కదా, అది ఉందా, పోయిందా? కరెంటు బిల్లు ఎంతొస్తుంది? గ్యాస్ కనెక్షన్ పూర్తిగా తీసేస్తే పుల్కాలు ఎలా కాల్చుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

స్లౌ_గుంటూరోడు

అక్కా, బాయిలరే పెట్టించు. 2,900 ఎక్కడ, 6,700 ఎక్కడ? మా పక్కింటి వాళ్లు పెట్టించుకున్నారు, జనవరిలో కరెంటు బిల్లు చూసి లబోదిబోమన్నారు. గ్యాస్ యూనిట్ ఆరు పెన్నీలు, కరెంటు ఇరవై ఆరు. నాలుగు రెట్లు! ఏ మిషన్ పెట్టినా ఆ తేడా పూడదు. గవర్నమెంటు డబ్బులిస్తుందంటేనే అనుమానించాలి, మంచి వస్తువైతే జనమే కొనుక్కుంటారు కదా. పెద్దవాళ్లు వస్తున్న ఇంట్లో ప్రయోగాలు వద్దు.

షెఫీల్డ్_హీటింగ్

రెడింగ్ గారూ, నేను ఒక చిన్న కంపెనీలో హీటింగ్ సిస్టమ్స్ డిజైన్ చేస్తాను. రోజూ చేసే పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. గ్రాంటు మొత్తం చూసి నిర్ణయం తీసుకోకండి. మీ రేడియేటర్లలోకి వెళ్లే నీళ్లు ఎన్ని డిగ్రీలుంటే మీ ఇల్లు వెచ్చబడుతుందో ముందు తేల్చుకోండి. మీ బిల్లు, మీ అత్తగారి నిద్ర రెండూ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

స్లౌ తమ్ముడు చెప్పిన ధరలు కరెక్టే. 2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆఫ్‌జెమ్ (ఇంధన నియంత్రణ సంస్థ) ప్రైస్ క్యాప్ (యూనిట్ ధర మీద పరిమితి) ప్రకారం సగటున కరెంటు యూనిట్ 26.35 పెన్నీలు, గ్యాస్ 6.29. నాలుగు రెట్లు దాటింది. కానీ హీట్ పంప్ కరెంటుని వేడిగా మార్చదు. బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడటానికి కరెంటు వాడుతుంది. ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడో, మూడున్నరో, బాగా డిజైన్ చేస్తే నాలుగో యూనిట్ల వేడి ఇస్తుంది. ఆ "ఎంత" అన్నదే అసలు విషయం.

మీ ఇంటి లెక్కే వేద్దాం. 13,000 యూనిట్ల గ్యాస్ కాలిస్తే, బాయిలర్ ఎఫిషియెన్సీ 85 శాతం అనుకుంటే, ఇంట్లోకి వచ్చే వేడి 11,050 యూనిట్లు. గ్యాస్‌కి మీరు కట్టేది దాదాపు 818 పౌండ్లు, స్టాండింగ్ చార్జి (వాడినా వాడకపోయినా కట్టే కనెక్షన్ చార్జి) రోజుకి 34 పెన్నీల చొప్పున ఇంకో 124, మొత్తం 942. అదే వేడి హీట్ పంప్‌తో తెచ్చుకుంటే, ఏడాది సగటు 2.8 వస్తే కరెంటుకి 1,040 పౌండ్లు. 3.5 వస్తే 832. 4 వస్తే 728. ఇల్లు అదే, గ్రాంటు అదే, ప్రైస్ క్యాపూ అదే. పెట్టిన తీరుని బట్టి మూడొందల పౌండ్ల తేడా. పక్కింటి వాళ్లు లబోదిబోమన్నది నిజమే అయ్యుండొచ్చు. వాళ్ల సిస్టమ్ 2.5 దగ్గరో ఎక్కడో ఆడుతుంటే ఆ బిల్లు రాక తప్పదు.

ఇవేవీ ఊహించి చెప్తున్న అంకెలు కావు. ప్రభుత్వమే డబ్బు పెట్టి 742 ఇళ్లలో హీట్ పంపులు పెట్టించి కొలిచింది. విక్టోరియన్ టెర్రస్‌ల దగ్గర్నుంచి ఫ్లాట్ల దాకా అన్ని రకాల ఇళ్లూ ఉన్నాయి అందులో. తేలిందేమిటంటే, ఫలానా రకం ఇంటికి హీట్ పంప్ పనికిరాదు అనేది లేదు. కానీ మధ్యస్థంగా వచ్చిన సామర్థ్యం 2.8 దరిదాపుల్లోనే ఆగింది, ఇంటికీ ఇంటికీ తేడా చాలా ఎక్కువగా కనిపించింది. అంటే సగం ఇళ్లు గ్యాస్ కన్నా ఎక్కువ కట్టే స్థితిలోనే ఉన్నాయన్నమాట. నాకు ఈ పాలసీ మీద కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. 7,500 పౌండ్లు పంపు పెట్టినందుకు ఇస్తున్నారు, అది బాగా పనిచేసినందుకు కాదు. ఫోన్లో వైశాల్యం అడిగిన కంపెనీకీ, పూటంతా మీ ఇల్లు కొలిచిన అతనికీ గ్రాంటు ఒకటే.

ఇప్పుడు మీ రెండు కొటేషన్లు చూడండి. ఏడాదికి 13,000 యూనిట్లు కాల్చే ఇంటికి 11 కిలోవాట్లు ఎక్కడా అవసరం పడదు. మీ వాడకాన్ని బట్టి చూస్తే బయట మైనస్ రెండు ఉన్న రాత్రి కూడా మీ ఇంటికి కావాల్సింది 5 కిలోవాట్ల చుట్టుపక్కలే. పెద్ద పంపు పెడితే నష్టమేమిటని మీవారు అడగొచ్చు. మన చలికాలంలో ఎక్కువ రోజులు 5 నుంచి 10 డిగ్రీల మధ్యే గడుస్తాయి. ఆ రోజుల్లో ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. 11 కిలోవాట్ల పంపు అంత తక్కువలో ఆడటం కుదరదు. ఆన్ అవుతుంది, పది నిమిషాల్లో ఆగిపోతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. కంప్రెసర్ అరుగుతుంది, సామర్థ్యం పడిపోతుంది. సరిపడా పంపు సన్న సెగ మీద పాలు కాచినట్టు రోజంతా నిదానంగా ఆడుతూ ఉంటుంది, బిల్లు తగ్గేది అలాగే.

రేడియేటర్ల సంగతి. షాపులో రేడియేటర్ మీద 1,000 వాట్లు అని రాసి ఉంటే, అది లోపలి నీళ్లు గది కన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పటి మాట. గది 20 అయితే నీళ్లు సగటున 70. హీట్ పంప్ నుంచి 45 డిగ్రీల నీళ్లు పంపి, 40 దగ్గర తిరిగొస్తే, అదే రేడియేటర్ 350 వాట్లే ఇస్తుంది. 55లో పంపితే 570 దాకా ఇస్తుంది. అందుకే రెండో అతను ఆరు మార్చాలన్నాడు: ఒక పలక ఉన్నవి తీసేసి, అదే వెడల్పులో రెండు పలకలు, రెండు వరసల ఫిన్‌లు ఉన్న కే2 రకం పెడతాడు, అదే గోడ మీద దాదాపు రెట్టింపు వేడి వస్తుంది. "రేడియేటర్లు ఏమీ మార్చక్కర్లేదు" అన్న మొదటి కంపెనీ మీ నీళ్లని 55కో అంతకంటే పైకో తోయబోతోంది. కొటేషన్‌లో తగ్గించిన 800 పౌండ్లు ఆ తర్వాత ప్రతి ఏడూ కరెంటు బిల్లులో వసూలవుతాయి.

అత్తగారి గది: ఇది రాసి పెట్టుకోండి. డిజైన్ చేసేటప్పుడు బెడ్‌రూమ్‌కి మామూలుగా 18 డిగ్రీలే లెక్కేస్తారు, హాలుకి 21. మీరు చెప్పకపోతే ఆవిడ గది రేడియేటర్ 18కే వస్తుంది, జనవరిలో ఎంత తిప్పినా 22 రాదు. అది పంపు తప్పు కాదు, లెక్కలోనే అంతుంది. "ఈ గది 22కి డిజైన్ చేయండి" అని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. రేడియేటర్ ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది, నిజమే. కానీ గది 22 ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి కూడా 22 ఉంటుంది. పెద్దవాళ్లకి కావాల్సింది అదే కదా.

ఒక అలవాటు మాత్రం మానుకోవాలి. మనవాళ్లు చాలామంది పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు హీటింగ్ వేసి ఆపేస్తారు. హీట్ పంప్‌ని అలా వాడితే చల్లబడ్డ ఇంటిని ఒక్కసారిగా లాగాలి, నీళ్ల వేడి పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. వెదర్ కాంపెన్సేషన్ ఆన్ చేయించి వదిలేయండి. బయట ఎంత చలుందో పంపే చూసుకుని నీళ్ల వేడి సర్దుకుంటుంది.

2035 సంగతి రేపు రాస్తాను, అది ఇంకో కథ.

రెడింగ్_వాసి

అన్నయ్యా, మీకు ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. 18 డిగ్రీల విషయం ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. రెండో అతను ఇచ్చిన కాగితం తీసి చూశాను. వెనక బెడ్‌రూమ్ దగ్గర నిజంగానే 18 అని ఉంది! ఈ రాత్రికే మెయిల్ పెడుతున్నా. ఫ్లో టెంపరేచర్ (రేడియేటర్లలోకి వెళ్లే నీళ్ల వేడి) అని 45 రాశాడు, ఎస్‌కాప్ (ఏడాది సగటు సామర్థ్యం) 3.7 అని ఉంది.

ఇప్పుడున్న బాయిలర్‌తోనే ముందుగా ఏదైనా పరీక్ష చేసి చూసుకోవచ్చా? మా ఆయనకి కాగితం మీద లెక్కలంటే నమ్మకం కుదరదు, కళ్లతో చూడాలి.

షెఫీల్డ్_హీటింగ్

తప్పకుండా. మీది కాంబి కాబట్టి పని తేలిక. బాయిలర్ మీద రెండు నాబ్‌లో, రెండు సెట్టింగులో ఉంటాయి: కుళాయి గుర్తున్నది స్నానం నీళ్లకి, రేడియేటర్ గుర్తున్నది హీటింగ్‌కి. హీటింగ్‌ది మాత్రమే 50కి దించండి, కుళాయిది ముట్టుకోకండి. (సిలిండర్‌లో నీళ్లు నిల్వ ఉండే ఇళ్లవాళ్లు ఇలా చేయకండి. అక్కడ నీళ్లు 60 దాకా వెళ్లాలి, లేకపోతే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం.) థర్మోస్టాట్ ఆపకుండా రోజంతా వదిలేయండి. బయట సున్నా దగ్గరున్న రోజు ఏ గదులు వెచ్చగా ఉన్నాయో, ఏవి వెనకబడ్డాయో రాసుకోండి. వెనకబడ్డ గదులే రేడియేటర్ మార్చాల్సినవి. ఆ పట్టీ అతని కాగితంతో పోల్చి చూడండి. చివరికి మీరు గ్యాస్‌లోనే ఉండిపోయినా ఆ సెట్టింగ్ అలాగే ఉంచుకోండి. కండెన్సింగ్ బాయిలర్‌కి (బయటికి పోయే పొగలోని వేడిని కూడా పట్టుకునే రకం) తిరిగొచ్చే నీళ్లు చల్లగా ఉంటేనే అసలు ఎఫిషియెన్సీ.

ఇక 2035. మీ అయోమయం మీ తప్పు కాదు, ఈ దేశంలో ఈ పాలసీ నడిచిన తీరు అలాంటిది. 2020 నవంబర్‌లో అప్పటి ప్రధాని జాన్సన్ ప్రభుత్వం 2028 కల్లా ఏడాదికి 6 లక్షల హీట్ పంపులు అంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మొదలైన గ్రీన్ హోమ్స్ గ్రాంట్ 2021 మార్చిలో మూసేశారు, నిండా ఏడాది కూడా నడవలేదు. దానికి ముందు నుంచీ ఉన్న ఆర్‌హెచ్‌ఐ (రెన్యువబుల్ హీట్ ఇన్సెంటివ్) పథకంలో ఏడేళ్లపాటు మూడు నెలలకోసారి డబ్బు వచ్చేది. అదీ 2022 మార్చి 31తో కొత్తవాళ్లకి ఆగింది. దాని స్థానంలో వచ్చిందే ఇప్పటి బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్, మొదట్లో ఎయిర్ సోర్స్‌కి (బయటి గాలి నుంచి వేడి తీసుకునే పంపుకి) 5,000. 2023 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని సునాక్ ఒకే ప్రసంగంలో గ్రాంటుని 7,500 చేస్తామన్నారు, గ్యాస్ లైను లేని ఇళ్లలో ఆయిల్ బాయిలర్ల మీద 2026లో రావాల్సిన నిషేధాన్ని 2035కి జరిపారు, 2035 నిషేధం నుంచి అయిదో వంతు ఇళ్లకి మినహాయింపు అన్నారు. ఇప్పటి ప్రభుత్వం వచ్చాక ఉన్న బాయిలర్లని బలవంతంగా తీయించే ఉద్దేశం లేదని చెప్పింది. బదులుగా 2025 ఏప్రిల్ నుంచి బాయిలర్ తయారీదారుల మీద క్లీన్ హీట్ మార్కెట్ మెకానిజం పెట్టారు: మొదటి ఏడాది, పరిమితి దాటి అమ్మే బాయిలర్లకి 6 శాతం లెక్కన హీట్ పంపులు అమ్మాలన్నారు, తగ్గితే ఒక్కోదానికి 500 పౌండ్లు కట్టాలన్నారు.

కాబట్టి మీరు భయపడి తొందరపడక్కర్లేదు. మీ గ్యాస్ బాయిలర్‌ని ఎవరూ వచ్చి పీకేయరు. కానీ ఈ ముందుకీ వెనక్కీ లాగడంలో నలిగింది పని నేర్చుకునే కుర్రాళ్లు. హీట్ లాస్ లెక్క వేయడం, పైపు మందాన్ని బట్టి నీటి ప్రవాహం తేల్చడం ఒక వారం కోర్సులో వచ్చే విద్య కాదు. రెండేళ్లకోసారి స్కీము మారితే ఎవరు నేర్చుకుంటారు? నేర్చుకున్నవాళ్లు ఎందుకు నిలబడతారు? బాగా పెట్టేవాళ్ల కొరత నుంచే ఆ 2.8 వచ్చింది. నాకు గ్రాంటు ఇంకో వెయ్యి పెంచడం కన్నా, పదేళ్లు మార్చకుండా ఉంచడం ముఖ్యం అనిపిస్తుంది.

ఇంకొకటి. కరెంటు నాలుగు రెట్లు ఉండటం ప్రకృతి ధర్మం కాదు. 2002లో మొదలైన రెన్యువబుల్స్ ఆబ్లిగేషన్ (పునరుత్పాదక విద్యుత్తుకి సాయం చేసే పథకం) ఖర్చు 2025లో మొత్తం కరెంటు బిల్లు మీదే పడేది, గ్యాస్ మీద పడేది కాదు. పైగా కరెంటు హోల్‌సేల్ ధరని చాలా గంటలు గ్యాస్ ప్లాంట్లే నిర్ణయిస్తాయి. ఒక చేత్తో హీట్ పంప్ కొనమని 7,500 ఇస్తూ, ఇంకో చేత్తో దాని ఇంధనం మీద పాత పథకాల ఖర్చు వేస్తూ వచ్చారు. ఆ భారాన్ని కరెంటు మీద నుంచి దించితే స్లౌ తమ్ముడి వాదనలో సగం అక్కడే పోతుంది.

స్లౌ_గుంటూరోడు

సార్, మీరు చెప్పిన లెక్క అర్థమైంది. కానీ ఒక మాట. 3.5 వచ్చినా ఏడాదికి మిగిలేది 110 పౌండ్లు. పెట్టుబడిలో తేడా 3,800. అంటే డబ్బు తిరిగి రావడానికి ముప్ఫై ఏళ్లు పైమాటే. పంపు అన్నేళ్లు ఉంటుందా?

షెఫీల్డ్_హీటింగ్

మంచి ప్రశ్న తమ్ముడూ, దాన్ని దాటేయను. ఉత్త డబ్బు లెక్కే అయితే, గ్యాస్ లైను ఉండి, మామూలు టారిఫ్‌లో ఉన్న ఇంటికి ఈ ధరల్లో గ్యాస్ బాయిలరే చవక. అది ఒప్పుకోకుండా హీట్ పంప్ అమ్మేవాళ్లని నమ్మొద్దు. ఆయిల్, ఎల్‌పీజీ, పాత ఎలక్ట్రిక్ హీటర్లు ఉన్న ఇళ్ల లెక్క వేరు.

లెక్క మారేది టారిఫ్‌తో. హీట్ పంపులకని ప్రత్యేక టారిఫ్‌లున్నాయి. ఉదాహరణకి ఆక్టోపస్ కంపెనీ కోజీ టారిఫ్‌లో తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే వేళ కొన్ని గంటలు చవక, సాయంత్రం 4 నుంచి 7 దాకా బాగా ఖరీదు. ఇన్సులేషన్ ఉన్న ఇల్లయితే మధ్యాహ్నం కాస్త వెచ్చబెట్టి, సాయంత్రం ఆ మూడు గంటలు పంపుని తగ్గించొచ్చు. సోలార్ ఉంటే ఇంకా నయం. మిగతాది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాల్సింది: ఇంట్లో గ్యాస్ కాల్చకపోవడానికి ఎంత విలువ ఇస్తారన్నది. నాకు ఆ విలువ చాలా ఎక్కువ, అందుకే ఈ పనిలో ఉన్నాను. రెడింగ్ గారికి ఎంతో నేను చెప్పలేను.

ఎడిన్‌బరా_ఆంధ్ర

స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ల కోసం: ఈ స్కీము ఇంగ్లండ్, వేల్స్‌కే. ఇక్కడ హోమ్ ఎనర్జీ స్కాట్లాండ్ ద్వారా 7,500 గ్రాంటు, కావాలంటే ఇంకో 7,500 దాకా వడ్డీ లేని అప్పు. పల్లెలు, దీవుల్లో వాళ్లకి గ్రాంటు 9,000. అప్లై చేయాల్సింది ఇంటివాళ్లే, ఇన్‌స్టాలర్ కాదు. ఆఫర్ లెటర్ చేతికి రాకముందే పని మొదలుపెట్టిస్తే డబ్బు రాదు, జాగ్రత్త.

స్టుట్‌గార్ట్_తెలుగు

మా దగ్గర కూడా ఇదే గందరగోళం. 2023లో జర్మనీలో హీటింగ్ చట్టం ముసాయిదా బయటికొచ్చేసరికి, రేపటి నుంచి గ్యాస్ బాయిలర్ పెట్టనివ్వరని జనం భయపడి ఎగబడి గ్యాస్ బాయిలర్లే పెట్టించుకున్నారు. హీట్ పంపులు కూడా ఆ ఏడాది 3,56,000 అమ్ముడై, 2024లో 1,93,000కి పడిపోయాయి. ఇప్పుడు మళ్లీ పుంజుకున్నాయి. గ్రాంటు కేఎఫ్‌డబ్ల్యూ (ప్రభుత్వ బ్యాంకు) ఇస్తుంది: అందరికీ 30 శాతం, పాత బాయిలర్ త్వరగా తీసేస్తే ఇంకో 20, పన్ను పడే ఆదాయం ఏడాదికి 40,000 యూరోల లోపుంటే ఇంకో 30, అన్నీ కలిపి 70 శాతం మించకుండా. 30,000 యూరోల ఖర్చు దాకా లెక్కలోకి తీసుకుంటారు. ఆదాయాన్ని బట్టి ఎక్కువ ఇవ్వడం నాకు నచ్చింది. మీ దగ్గర పెద్ద జీతగాడికీ, చిన్న జీతగాడికీ అదే 7,500, మిగతా ఆరేడు వేలు చేతిలో లేనివాడికి ఆ గ్రాంటు ఉన్నా లేనట్టే కదా.

షెఫీల్డ్_హీటింగ్

స్టుట్‌గార్ట్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. తక్కువ ఆదాయం వాళ్లకి ఇక్కడ వేరే పథకాలున్నాయి గానీ, మధ్యలో ఉన్నవాళ్లు చిక్కుకుపోతారు.

రెడింగ్_వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి హీటింగ్ 50కి దించాం. ఇంకా అంత చలి రాలేదు కాబట్టి పూర్తిగా తెలియదు గానీ, హాలు బాగానే ఉంది, వెనక బెడ్‌రూమ్ మాత్రం వెనకబడింది. కాగితంలో ఉన్నట్టే. మా ఆయన థర్మామీటర్ పట్టుకుని గదులన్నీ తిరుగుతున్నారు.

చివరి సందేహాలు. గ్యాస్ పొయ్యి ఉంచుకోవచ్చా? హీట్ పంప్‌కి కావాల్సిన వేడినీళ్ల సిలిండర్ ఎక్కడ పెట్టాలి, కాంబి పెట్టినప్పుడే పాత ట్యాంకు తీసేశారు. పక్కింటి పెద్దావిడ పంపు చప్పుడు గురించి ఇప్పుడే అడుగుతోంది. ఇన్‌స్టాలర్‌ని ఇంకేం అడగాలి?

షెఫీల్డ్_హీటింగ్

పొయ్యి ఉంచుకోవచ్చు, గ్రాంటుకి అడ్డం రాదు. కానీ పుల్కాల కోసం ఏడాదికి (2025 ధరల్లో) 124 పౌండ్ల స్టాండింగ్ చార్జి కడుతూ ఉంటారు. ఇండక్షన్ మీద ఇనప దోసె పెనం చక్కగా పనిచేస్తుంది, అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు పనిచేయదు. పుల్కాని పెనం మీదే గుడ్డతో నొక్కి పొంగించుకోవాలి. బాయిలర్ మాత్రం ఉంచుకోకూడదు. గ్యాస్, పంపు రెండూ కలిపి నడిపే హైబ్రిడ్‌కి ఈ గ్రాంటు రాదు.

సిలిండర్‌కి మీ ఎయిరింగ్ కప్‌బోర్డే (బట్టలు ఆరబెట్టే అల్మరా) సరైన చోటు, పాత ట్యాంకు అక్కడే ఉండేది. నలుగురు ఉండే ఇంటికి 200 లీటర్లకి తగ్గించకండి. తలుపు వెడల్పు, కింద నేల బలం చూసుకోమని చెప్పండి, నీళ్లు నిండితే పావు టన్నుకి దగ్గరగా ఉంటుంది.

పక్కింటావిడకి చెప్పండి: సరిహద్దు నుంచి మీటరు దూరం ఉండాలన్న నియమం ఇంగ్లండ్‌లో 2025 మే 29 నుంచి తీసేశారు, కానీ ఆవిడ కిటికీ దగ్గర చప్పుడు ఎంత ఉంటుందో ఎంసీఎస్ (హీట్ పంపులు పెట్టేవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పద్ధతిలో లెక్క వేసి పరిమితి లోపల ఉందని చూపించాలి. ఆ కాగితం అడిగి ఆవిడకి కూడా చూపించండి, రేపు పేచీ రాదు. చలి, తేమ కలిసిన పొద్దుళ్లలో పంపు తన మీద పేరుకున్న మంచు కరిగించుకుంటుంది, అప్పుడు తెల్లటి ఆవిరి పొగలా లేస్తుంది. కొత్తలో చూసి కాలిపోతోందని కంగారుపడతారు. ఆ కరిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో ముందే తేల్చుకోండి. నడిచే దారి మీదకి వదిలితే రాత్రికి గడ్డకట్టి, పెద్దవాళ్లు జారిపడతారు.

గ్రాంటుకి మీరు అప్లై చేయరు, ఎంసీఎస్ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే చేస్తాడు, డబ్బు కొటేషన్‌లోనే తగ్గుతుంది. మీకు ఆఫ్‌జెమ్ నుంచి సమ్మతి అడుగుతూ మెయిల్ వస్తుంది, స్పామ్‌లో పడిందేమో చూసుకోండి. 2025 నిబంధన ప్రకారం ఈపీసీ (ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్) పదేళ్ల లోపుది కావాలి. వోచర్ (గ్రాంటు మంజూరైనట్టు ఇచ్చేది) వచ్చాక ఎయిర్ సోర్స్‌కి మూడు నెలల్లో పని అయిపోవాలి. పంపు మీద 2027 మార్చి 31 దాకా వ్యాట్ సున్నా, కొటేషన్‌లో 20 శాతం వేసి ఉంటే అడగండి.

ఇన్‌స్టాలర్‌ని అడగాల్సినవి: ప్రతి గది హీట్ లాస్ కాగితం, ఏ ఫ్లో టెంపరేచర్‌కి డిజైన్ చేశాడు, బయట ఎన్ని డిగ్రీలు అనుకున్నాడు, పంపు తగ్గించుకోగలిగే కనీసం ఎంత, వెదర్ కాంపెన్సేషన్ కర్వ్ ఎవరు సెట్ చేస్తారు, మొదటి చలికాలం మధ్యలో ఒకసారి వచ్చి సర్దుతాడా లేదా. పైపులు 8 లేక 10 మిల్లీమీటర్ల మైక్రోబోర్ (సన్న పైపులు) అయితే వాటితోనే సరిపోతుందని లెక్క చూపించమనండి. 1970ల ఇళ్లలో అది చాలా మామూలు, ఆ క్యాలిపర్ అందుకే.

వీటన్నిటి కంటే ముందు ఒక పని చేయండి. మీ మీటరు పెట్టె తెరిచి మెయిన్ ఫ్యూజ్ ఫొటో తీయండి. 60 ఆంపియర్లు ఉండొచ్చు, లేదా మీ కరెంటు తీగ పక్కింటి నుంచి లూప్‌గా వస్తూ ఉండొచ్చు, ఆ కాలపు ఇళ్లలో అది తరచూ కనిపిస్తుంది. లూప్ ఉంటే విడదీయడానికి రోడ్డో, ముందు తోటో తవ్వాల్సి రావొచ్చు, నెలలు పట్టొచ్చు. మూడు నెలల వోచర్ మొదలయ్యాక ఇది బయటపడితే చిక్కు. రెడింగ్‌లో ఆ తీగలు చూసేది ఎస్‌ఎస్‌ఈఎన్. ఇన్‌స్టాలర్ ద్వారా వాళ్లకి ఈ వారమే మెయిల్ పెట్టించండి, జవాబు వచ్చాకే సంతకం చేయండి.